ట్రోమ్సోలో గాలి ఎప్పుడు తిరుగుతుంది? ఒక ఫిబ్రవరి రాత్రి అంచనా కథ

ఈ కేసు ఒక్క రాత్రిది. మధ్యాహ్నం పన్నెండుకి మొదలై మర్నాడు పొద్దున ఏడింటికి అయిపోయింది. ఆ రాత్రి ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో మంచు పడుతుందా లేదా అన్నది ఎవరూ అడగలేదు, ఫిబ్రవరిలో ఆ ప్రశ్నకి అర్థం లేదు. అడిగినవాళ్లు ముగ్గురు, ముగ్గురికీ వేరువేరు జవాబులు కావాలి. రోడ్ల మీద మంచు తోసే కాంట్రాక్టరుకి తెల్లవారుజామున ఎంతమంది డ్రైవర్లని దించాలో రాత్రి ఎనిమిదిలోపు తెలియాలి, ఎందుకంటే వాళ్లకి ముందు నిద్ర, విశ్రాంతి చూపించకుండా బండెక్కించడం కుదరదు. అరోరా, అంటే రాత్రి ఆకాశంలో మెరిసే ధ్రువకాంతులు, చూపించడానికి టూరిస్టుల్ని తీసుకెళ్లే బస్సు సాయంత్రం ఆరింటికి బయల్దేరాలి, మళ్లీ అదే రోడ్డు మీద వెనక్కి రావాలి. మూడో మనిషి కాడ్ చేపల సీజన్‌లో చిన్న పడవ మీద వేటకి వెళ్లే ఆయన, రాత్రికి రాత్రి బయటి సముద్రంలోకి వెళ్లాలా వద్దా అని.

నేను చేసే పని ఇదే. నార్వే వాతావరణ సంస్థ వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు, పరిశీలనలు అన్నీ ఉచితంగా అందరికీ అందుబాటులో పెడుతుంది, హెచ్చరికలు కూడా వాళ్లే ఇస్తారు. ఆ హెచ్చరికల్ని మేం ఎప్పుడూ దాటి మాట్లాడం. వాటి కింద, ఒక్కో కస్టమర్ పనికి తగ్గట్టు, గంట గంటకీ, పేట పేటకీ లెక్క చెప్పడం మా చిన్న బృందం పని. ట్రోమ్సోలో ప్రభుత్వ వాతావరణ కార్యాలయం 1920 నుంచి ఉంది. వందేళ్లు దాటిన అనుభవం ఉన్న ఊళ్లో కూడా పన్నెండు గంటల అంచనా ఎందుకంత టెన్షన్ పెడుతుందో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నా.

ముందు ఊరి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ట్రోమ్సో 69.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, అంటే ఆర్కిటిక్ వృత్తానికి దాదాపు 340 కిలోమీటర్లు పైన. నవంబరు ఆఖరు నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు దిక్చక్రం మీదికి రాడు. ఇది విన్న మనవాళ్లు మైనస్ నలభై అనుకుంటారు. జనవరి సగటు మైనస్ 4 దరిదాపుల్లోనే ఉంటుంది. వాతావరణ కార్యాలయం దగ్గరి స్టేషన్‌లో నమోదైన అత్యల్పం మైనస్ 18.4, అది 1966 ఫిబ్రవరిలో. తూర్పున ఫిన్మార్క్ లోతట్టులో ఉన్న కారాష్యోక్‌లో 1886 జనవరి 1న మైనస్ 51.4 నమోదైంది, నార్వే మొత్తానికీ ఇప్పటిదాకా అదే రికార్డు. తేడా అంతా సముద్రానిది. అట్లాంటిక్ నుంచి పైకొచ్చే వెచ్చటి ప్రవాహం ఈ తీరాన్ని చలికాలమంతా గడ్డకట్టనివ్వదు, నీటి ఉష్ణోగ్రత 5 డిగ్రీల చుట్టూ ఉంటుంది. చలి తక్కువ, మంచు మాత్రం విపరీతం. 1997 ఏప్రిల్ 29న నేల మీద మంచు లోతు 240 సెంటీమీటర్లు, ఇప్పటికీ ఈ ఊరి రికార్డు అదే.

ఊరి నడిబొడ్డు ఒక ద్వీపం, పేరు ట్రోమ్సోయా. ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఉంటుంది. పడమరన క్వాలోయా అనే పెద్ద ద్వీపం, దాని మీద కొండలు. తూర్పున వంతెన దాటితే ప్రధాన భూభాగం, ట్రోమ్స్‌డాలెన్, దాని వెనక 1238 మీటర్ల ట్రోమ్స్‌డాల్స్‌టిండెన్ శిఖరం. ఇంకా తూర్పుకి వెళితే లింగెన్ పర్వతాలు. దక్షిణాన బాల్స్‌ఫ్యోర్డ్ (ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ). ఉత్తరాన మాత్రం రింగ్‌వాస్సోయా, వన్నోయా లాంటి ద్వీపాల మధ్య జలసంధులు ఉన్నాయి, గాలికి అవే దారులు.

అందుకే ఇక్కడ ఉష్ణోగ్రత కన్నా ముందు గాలి దిక్కు చూస్తాం. ఆగ్నేయం నుంచి వస్తే అది నేల మీది గాలి, పొడిగా, చల్లగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, ఊరంతా మంచి వాతావరణమే. నైరుతి నుంచి వస్తే అట్లాంటిక్ తడి, ఉష్ణోగ్రత సున్నా చుట్టూ తిరుగుతుంది, మంచు పడాలా వాన పడాలా అన్నది ఒక్క డిగ్రీ తేడాలో తేలుతుంది, నేల మీద ఉన్న మంచు తడిసి అద్దంలా గడ్డకడుతుంది, జనం చెప్పులకి ముళ్లు తగిలించుకుని నడుస్తారు. పడమర నుంచి వస్తే క్వాలోయా కొండలు సగం ఆపుతాయి. వాయవ్యం, ఉత్తరం నుంచి వస్తే మాత్రం ఆపేది పెద్దగా ఏదీ లేదు, సముద్రం మీద పుట్టిన మంచు జల్లులు జలసంధుల గుండా నేరుగా ఊళ్లోకి వస్తాయి. మోడల్ చెప్పిన గాలి దిక్కులో ముప్పై డిగ్రీల తేడా వస్తే ఇక్కడ ఆ రోజు అంచనా మొత్తం మారిపోతుంది.

ఇక ఆ రోజు సంగతి.

రెండు రోజులుగా, ఉత్తరాన ధ్రువం వైపు ఉన్న స్వాల్బార్డ్ ద్వీపాల వైపు నుంచి, గడ్డకట్టిన సముద్రం మీద పేరుకున్న చల్లగాలి దక్షిణానికి జారుతోంది. ఐస్ అంచు దాటగానే ఆ గాలి కింద ఒక్కసారిగా వెచ్చటి నీళ్లు వస్తాయి. వెచ్చటి అంటే 3, 4, 5 డిగ్రీలే, కానీ పైనున్న గాలి మైనస్ 20కి అటూ ఇటూ. ఆ తేడాకి సముద్రం నుంచి గాలిలోకి చదరపు మీటరుకి వందల వాట్ల వేడి ఎక్కుతుంది. శాటిలైట్ బొమ్మలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది: ఐస్ అంచు దగ్గర సన్నటి మేఘాల వరసలు మొదలై, దక్షిణానికి వచ్చేకొద్దీ లావెక్కి, చివరికి విడివిడి గుంపులుగా పగులుతాయి. ఒక్కో గుంపూ ఒక్కో మంచు జల్లు. ఇంతవరకూ మామూలే, ఇలాంటి రోజులు ప్రతి చలికాలంలోనూ చాలానే ఉంటాయి.

మామూలు కానిది ఆ మధ్యాహ్నం కనిపించింది. బ్యోర్నోయా అని ఒక ద్వీపం ఉంది, నార్వే ప్రధాన తీరానికీ స్వాల్బార్డ్‌కీ మధ్య, 74 డిగ్రీలు దాటాక, ఊళ్లు లేవు, వాతావరణ స్టేషన్ ఉంది. మాకు ఉత్తరం నుంచి ఏదొచ్చినా మొదట తెలిసేది అక్కడే. ఆ స్టేషన్‌లో పొద్దుటి నుంచి ఉత్తరపు గాలి వీస్తోంది, పదకొండు దాటాక తూర్పుకి తిరిగింది. పీడనం కొంచెం దిగింది. ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో ద్వీపానికి నైరుతిగా మేఘాల వరసలు ఒకచోట వంగి, కామా గుర్తులా చుట్టుకుంటున్నాయి.

ఇది పోలార్ లో అయ్యే ఛాన్స్ ఉంది. పోలార్ లో అంటే ధ్రువప్రాంతపు సముద్రం మీద, ఇలా చల్లగాలి దిగిన రోజుల్లో పుట్టే చిన్న, బలమైన అల్పపీడనం. వ్యాసం 200 నుంచి 1000 కిలోమీటర్లు, ఆయుష్షు ఒకటి రెండు రోజులు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. నేలని తాకగానే చచ్చిపోతుంది. నార్వే సముద్రం, బారెంట్స్ సముద్రం కలిపి ఏడాదికి సగటున ఓ డజను దాకా వస్తాయి. నేను విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో మెటియరాలజీ చదివాను, బంగాళాఖాతం తుఫాన్ల మీదే పెరిగాను, కాబట్టి మొదట్లో దీన్ని చిన్న తుఫానులా చూడాలని మనసు లాగేది. సముద్రపు వేడి తాగి బతకడం, కొన్నిసార్లు నడిమధ్య కన్ను లాంటి ఖాళీ ఏర్పడడం, ఇవి రెండింటికీ ఉన్నాయి. కానీ అంచనా వేసేవాడికి ఆ పోలిక పనికిరాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండమై, తుఫానై తీరం చేరేలోపు మనకి రోజులు దొరుకుతాయి. పోలార్ లో పొద్దున లేదు, మధ్యాహ్నం కామా, రాత్రికి తీరం. శాటిలైట్లు రాకముందు ఇవి వచ్చేదాకా తెలిసేదే కాదు. తేటగా ఉన్న ఆకాశం కింద వేటకి వెళ్లిన పడవలు గంటలోపే కళ్లు కనపడని మంచులో, పెద్దగాలిలో చిక్కుకునేవి.

పుట్టడానికి వాతావరణం అనువుగా ఉందా లేదా చూడడానికి మేం వాడే ఒక పాత లెక్క ఉంది. సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత లోంచి 500 హెక్టోపాస్కల్ మట్టంలో, అంటే ఇంచుమించు ఐదు కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉష్ణోగ్రత తీసేయాలి. తేడా 43 దాటితే జాగ్రత్త పడాలి. ఆ రోజు నీళ్లు 5 దగ్గర, పైన మైనస్ 42 దగ్గర, అంటే 47. ఈ లెక్క ఒక్కటే చూసి పోలార్ లో వస్తుందని చెప్పకూడదు, తేడా దాటినా ఏమీ పుట్టని రోజులు చాలా ఉంటాయి, పైన తిరిగే చల్లటి సుడి ఒకటి తోడవ్వాలి. ఆ రోజు అదీ ఉంది.

ఇప్పుడు మోడళ్లు. ఈ ప్రాంతానికి మా చేతిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా వివరంగా చూసేది ఆరోమ్ ఆర్కిటిక్, 2015 నుంచి నడుస్తోంది, రెండున్నర కిలోమీటర్ల గడుల మీద లెక్క కడుతుంది. దాని తెల్లవారుజాము పరుగులో (మోడల్‌ని ఒకసారి నడపడాన్ని పరుగు అంటాం) అల్పపీడనం నైరుతిగా ఉన్న సెన్యా ద్వీపం వైపు దిగింది. పొద్దుటి పరుగులో అదే అల్పపీడనం మాకు ఈశాన్యాన వన్నోయాకి అవతల తీరం తాకింది. యూరోపియన్ వాతావరణ సెంటర్ వాళ్ల ఎన్‌సెంబుల్, అంటే కొద్దికొద్ది తేడాలతో యాభై చిల్లర సార్లు నడిపే మోడల్, దాంట్లో కేంద్రాలు సెన్యా నుంచి ఈశాన్యాన ఫిన్మార్క్ తీరంలోని హాస్విక్ దాకా తీరం పొడుగునా చెల్లాచెదురుగా ఉన్నాయి. వస్తుందన్న దానిమీద అన్నీ ఒప్పుకున్నాయి. ఎక్కడ తాకుతుందన్న దానిమీద ఏ రెండూ ఒప్పుకోలేదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసేది మధ్యలో ఒక దారి గీసి, "ట్రోమ్సోకి ఓ మోస్తరు మంచు, ఓ మోస్తరు గాలి" అని రాసేయడం. అది అన్నిటికన్నా పనికిమాలిన జవాబని నా గట్టి నమ్మకం, ఎందుకో చూడండి. ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది. కేంద్రం ఊరికి తూర్పుగా దిగితే ఊరు దానికి పడమటి పక్కన ఉంటుంది, అక్కడ ఉత్తరపు గాలి. అసలే వీస్తున్న ఉత్తరపు గాలికి సుడి గాలి తోడవుతుంది, అన్నిటికన్నా బలమైన గాలి ఆ పక్కనే. మంచు జల్లులు ఒకదాని వెనక ఒకటి జలసంధుల గుండా వచ్చి ఊరి మీద పడతాయి. అదే కేంద్రం పడమరగా సెన్యా వైపు దిగితే, ఊరు తూర్పు పక్కన ఉంటుంది, అక్కడ గాలి దక్షిణం, ఆగ్నేయం నుంచి. అంటే నేల మీది పొడిగాలి. ఊళ్లో నాలుగు మంచు రేకులు రాలి ఆగిపోతుంది. రెండిటికీ మధ్య దూరం ఓ వంద కిలోమీటర్లే. ఒకదాంట్లో కాంట్రాక్టరుకి పూర్తి సిబ్బంది కావాలి, రెండో దాంట్లో ఒక్క బండి చాలు. "ఓ మోస్తరు" అన్న రాత్రి ఏ దారిలోనూ లేదు.

అందుకని మధ్యాహ్నం మూడింటికి నేను పంపిన నోట్‌లో దారి చెప్పలేదు. రెండు రాత్రులు రాశాను, రెండిట్లో ఏదో తేల్చే గుర్తు రాశాను. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "అర్ధరాత్రి తర్వాత చిన్న, బలమైన అల్పపీడనం తీరం చేరుతుంది. తూర్పుగా వెళితే: ఒంటిగంట నుంచి అయిదు దాకా ఉత్తరపు పెద్దగాలి, ఎదుటి బండి కనపడనంత మంచు జల్లులు, గుట్టలు పడతాయి. పడమరగా వెళితే: పొడిగాలి, కొద్దిపాటి మంచు. ఇప్పటికి తూర్పు వైపు కొంచెం మొగ్గు. టోర్స్‌వాగ్ దగ్గర గాలి ఎటు తిరుగుతుందో చూసి ఎనిమిదిలోపు ఖాయం చేస్తాను." అంతే. ఇంకో పేరా రాయాలని చెయ్యి లాగుతుంది, రాయకూడదు. స్టీరింగ్ పట్టుకునేవాళ్లు ఫోన్‌లో చదువుతారు.

టోర్స్‌వాగ్ ఎందుకంటే, అది వన్నోయా ఉత్తరపు కొసన ఉన్న లైట్‌హౌస్, అక్కడ వాతావరణ స్టేషన్ ఉంది, దాని ముందు బయటి సముద్రమే. అల్పపీడనం ఉత్తరం నుంచి దిగుతుంటే దానికి దక్షిణాన ఉన్న స్టేషన్‌లో మొదట పడమటి గాలి పుడుతుంది. అక్కడి నుంచి గాలి వాయవ్యానికీ ఉత్తరానికీ, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగితే కేంద్రం ఆ స్టేషన్‌కి తూర్పుగా పోతోందని లెక్క. నైరుతికీ దక్షిణానికీ, ముల్లుకి ఎదురు తిరిగితే పడమరగా పోతోందని. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, వందేళ్ల కిందటి పడవవాళ్లకీ తెలిసిన సంగతి. రెండో చివర సెన్యా పక్కన హెక్కింగెన్ లైట్‌హౌస్ స్టేషన్ ఉంది, అదీ చూస్తాం. ఈ రెండిట్లో గాలి ఎలా తిరుగుతోందో పక్కపక్కన పెట్టుకుంటే కేంద్రం ఎటు జారుతోందో మోడల్ కొత్త పరుగు వచ్చేలోపే తెలిసిపోతుంది.

రాడార్ లేదా అని అడుగుతారు. ఉంది. నైరుతిగా ఉన్న అండోయా ద్వీపంలో ఒకటి, హాస్విక్‌లో ఒకటి. కానీ మన విశాఖ కైలాసగిరి మీది రాడార్ బంగాళాఖాతపు మేఘాల్ని చూసినంత బాగా ఇవి ఇక్కడి మేఘాల్ని చూడలేవు, తప్పు రాడార్‌ది కాదు. అక్కడ మేఘం పదిహేను కిలోమీటర్ల ఎత్తుకి పోతుంది, చాలా దూరాన ఉన్నా కిరణానికి తగులుతుంది. ఇక్కడి మంచు జల్లుల మేఘాలు చాలా పొట్టివి, భూమి వంపు వల్ల దూరం వెళ్లేకొద్దీ రాడార్ కిరణం వాటి నెత్తి మీదుగా పోతుంది. పైగా మధ్యలో కొండలు అడ్డం. రాడార్‌లో ఖాళీగా ఉంది కాబట్టి మంచు లేదనుకోవడం ఈ తీరంలో చాలా ప్రమాదం. ఊరికి దగ్గరికొచ్చాక, ఆఖరి గంటా గంటన్నరకి అది బాగా పనికొస్తుంది, అంతకుముందు కాదు.

శాటిలైట్లలో కూడా మనకి అలవాటైనవి ఇక్కడ పనిచేయవు. భూమధ్యరేఖ మీద నిలబడి చూసే శాటిలైట్లకి 70 డిగ్రీల దగ్గర అంతా ఏటవాలుగా, అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. మాకు ఆధారం ధ్రువాల మీదుగా తిరిగేవి, మెటాప్, నోవా శాటిలైట్లు. వాటి దారులన్నీ ధ్రువం దగ్గర కలుస్తాయి కాబట్టి హైదరాబాద్ మీదుగా పోయేదానికన్నా మా మీదుగా చాలా ఎక్కువసార్లు పోతాయి. అయినా రెండిటి మధ్య ఖాళీ గంటలు ఉంటాయి, ఆ ఖాళీలోనే పోలార్ లో రూపం మార్చేస్తుంది. ఆ రోజు సాయంత్రం మెటాప్ దాటినప్పుడు దాని మీది స్కాటరోమీటర్ నుంచి సముద్రం మీది గాలుల బొమ్మ వచ్చింది. ఈ పరికరం నీటి మీది చిరు అలల నుంచి తిరిగొచ్చే రేడియో తరంగాల్ని కొలిచి గాలి వేగం, దిక్కు చెబుతుంది, చీకటైనా మేఘమైనా దానికి అడ్డు కాదు. ఆ బొమ్మలో సుడి స్పష్టంగా మూసుకుంది. పడమటి పక్కన ఉత్తరపు గాలి సెకనుకి 20 మీటర్లు, అంటే గంటకి 72 కిలోమీటర్లు. తూర్పు పక్కన దాంట్లో సగం. కేంద్రం ఆరోమ్ చూపించిన చోటికన్నా కొంచెం తూర్పుగానే ఉంది.

ఈలోపు ఆరింటి బస్సు సంగతి తేల్చాలి. ఆ బస్సులో గైడ్‌గా ఒక తెలుగు కుర్రాడు పనిచేస్తాడు, ఇక్కడి యూనివర్సిటీలో చదువుకుంటూ. అయిదుకి మెసేజ్ పెట్టాడు, "అన్నా, ఇవాళ ఎటు వెళ్లాలి? నిండా మనవాళ్లే ఉన్నారు, హైదరాబాద్ నుంచి వచ్చారు, రేపు ఫ్లైట్." టూరిస్టులందరూ ఫోన్‌లో కేపీ ఇండెక్స్, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడిని చెప్పే అంకె, చూస్తూ ఉంటారు, అది ఎంత పెరిగితే అంత బాగా అరోరా కనిపిస్తుందని. ట్రోమ్సో సరిగ్గా అరోరా వలయం, అంటే ధ్రువం చుట్టూ అరోరా ఎక్కువగా వచ్చే పట్టీ, కిందే ఉంది, ఇండెక్స్ చాలా తక్కువగా ఉన్న రాత్రి కూడా ఆకాశం తేటగా ఉంటే కనిపిస్తుంది. ఇక్కడ అడ్డం మేఘమే. అందుకే అరోరా అంచనా చివరికి మేఘాల అంచనాయే అవుతుంది.

అతనికి చెప్పింది షిబోట్న్. లింగెన్ పర్వతాలకి అవతల ఫ్యోర్డ్ ఒడ్డున ఉన్న చిన్న ఊరు, రోడ్డు మీద రెండు గంటల లోపు. సముద్రపు తడంతా ఇటు కొండల మీదే రాలిపోతుంది, అటు వెళ్లేసరికి గాలి పొడిగా ఉంటుంది, అందుకే అరోరా వేటకి వెళ్లే బస్సులన్నీ అక్కడికే పోతుంటాయి. అల్పపీడనం ఏ దారిన వచ్చినా అర్ధరాత్రి దాకా అక్కడి ఆకాశానికి ఢోకా లేదు. "వెళ్లు తమ్ముడూ, కానీ పదింటికల్లా అక్కణ్ణించి కదలాలి. అరోరా ఎంత బాగున్నా సరే. పన్నెండు దాటితే బాల్స్‌ఫ్యోర్డ్ పక్కన రోడ్డు మీద గ్యారంటీ లేదు." వెళ్లే టైం కన్నా వెనక్కి వచ్చే టైం చెప్పడం నా దృష్టిలో ముఖ్యం. బస్సులు ఇబ్బందుల్లో పడేది ఎక్కువగా వచ్చేటప్పుడే, డ్రైవర్ అలిసిపోయి ఉంటాడు, జనం ఇంకో పావుగంట అంటారు.

పడవ విషయం ఎక్కువ ఆలోచించాల్సిన పనే లేదు. కేంద్రం తూర్పుగా వెళ్లినా పడమరగా వెళ్లినా బయటి సముద్రంలో రాత్రికి పెద్దగాలి ఖాయం, దానికి తోడు ఉష్ణోగ్రత మైనస్ 7, 8. అలల తుంపర పడవ మీద పడి గడ్డకడుతుంది, పై భాగం బరువెక్కి పడవ బోల్తా పడే ప్రమాదం. చిన్న పడవకి గాలి కన్నా ఇదే ఎక్కువ భయం. మూడింటికే వద్దని చెప్పాను, ఆయన మళ్లీ అడగలేదు.

ఏడింటికి టోర్స్‌వాగ్‌లో గాలి పడమర. ఏడున్నరకి పడమర-వాయవ్యం. వేగం పెరుగుతోంది. హెక్కింగెన్‌లో పెద్ద మార్పు లేదు, ఉత్తరం-ఈశాన్యమే. పడమటి దారి నిజమైతే ఈపాటికి హెక్కింగెన్ దగ్గర గాలి పడమరకి మళ్లడం మొదలవ్వాలి, టోర్స్‌వాగ్ నైరుతికి పోవాలి. రెండూ జరగలేదు. కొత్త ఆరోమ్ పరుగు ఇంకా రాలేదు. ఏడు నలభైకి కాంట్రాక్టరుకి ఫోన్ చేశాను: తూర్పు దారి, పూర్తి సిబ్బంది, మొదటి బండ్లు రెండింటికి.

ఆయన రెండే ప్రశ్నలు అడిగాడు. ఏ పేటలో ఎక్కువ? ఎప్పుడు ఆగుతుంది? ఉత్తరపు గాలికి ట్రోమ్సోయా ఉత్తరపు కొస, ఆసుపత్రీ యూనివర్సిటీ ఉన్న బ్రైవికా, వంతెనకి అవతల ఉత్తరంగా ఉన్న క్రోకెన్ నేరుగా ఎదురవుతాయి. క్వాలోయా కొండల చాటున ఉన్న భాగాలకి కొంత నయం. విమానాశ్రయం ఉన్న లాంగ్నెస్ రెండిటికీ మధ్య. ఆసుపత్రి రోడ్డు మొదట, అంబులెన్సులు తిరగాలి కాబట్టి. ఆగే టైం అయిదు, గంట అటూ ఇటూ, అల్పపీడనం నేల మీదికి ఎక్కగానే దాని కింద వేడి ఆగిపోతుంది, నాలుగైదు గంటల్లో ఆరిపోతుంది. ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాను. మంచు ఎన్ని సెంటీమీటర్లన్నది లెక్కలోకి తీసుకోవద్దు, అంత చలిలో పడే మంచు తేలిగ్గా దూదిలా ఉంటుంది, ఆ గాలికి ఒకచోట నేల కనిపిస్తుంది, పక్క సందులో నడుం లోతు గుట్ట పడుతుంది.

తొమ్మిది దాటాక వచ్చిన ఆరోమ్ కూడా తూర్పుకే ఒప్పుకుంది. పదకొండుకి టోర్స్‌వాగ్‌లో గాలి వాయవ్యం, పన్నెండుకి ఉత్తరం, పెద్దగాలి. బస్సు పన్నెండుకి ముందే ఊళ్లోకి వచ్చేసింది. గైడ్ కుర్రాడు ఫొటో పంపాడు, ఆకుపచ్చ తెర షిబోట్న్ ఫ్యోర్డ్ మీద, చుక్కలు కూడా కనిపిస్తున్నాయి, ఆకాశంలో మేఘం ముక్క లేదు. అదే సమయానికి వంద కిలోమీటర్ల లోపే సముద్రం మీద ఆ సుడి తిరుగుతోంది.

ఒంటిగంట ఇరవైకి మా కిటికీ బయట వీధిదీపం కింద రేకులు నిలువుగా రాలుతున్నాయి. అయిదు నిమిషాల తర్వాత చూస్తే అడ్డంగా పోతున్నాయి, ఇంకో అయిదు నిమిషాలకి దీపమే కనపడలేదు, దాని చుట్టూ ఉన్న వెలుగు మాత్రం మసగ్గా కదులుతోంది. గాలి పీడనాన్ని గీసే బారోగ్రాఫ్ గీత చిన్న గిన్నెలా దిగి మళ్లీ లేచింది, మొత్తం రెండు గంటల్లోపే. బంగాళాఖాతం తుఫాను గీత చూసి అలవాటైన కళ్లకి ఇది గీతలో చిన్న వణుకులా అనిపిస్తుంది. మూడింటి చుట్టుపక్కల జల్లుకీ జల్లుకీ మధ్య పది నిమిషాల తెరిపి కూడా లేదు. నాలుగున్నర తర్వాత తెరిపి పెరిగింది, అయిదున్నరకి చుక్కలు కనిపించాయి. పొద్దుటి విమానాలు కొన్ని ఆలస్యమయ్యాయి, బ్రైవికా రోడ్డు మాత్రం ఆగలేదు.

తర్వాత మేం చేసే పని సరిచూసుకోవడం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. దీంట్లో ఒక పెద్ద చిక్కుంది. మంచుని కొలిచే గొట్టం గాలిలో పనిచేయదు. వాన చినుకు బరువుగా గొట్టంలో పడుతుంది, తేలికపాటి మంచు రేకు గొట్టం మూతి దగ్గర గాలి వంపుకి పక్కనుంచి జారిపోతుంది. చుట్టూ గాలిని ఆపే పలకలు కట్టినా, పెద్దగాలిలో పడినదాంట్లో సగం కూడా లోపలికి రాదు. ఆ రాత్రి గొట్టం లెక్క చూస్తే ఏదో చిన్నపాటి మంచు అనిపిస్తుంది. ఆ అంకె పట్టుకుని "మోడల్ ఎక్కువ చెప్పింది" అని తీర్పు ఇచ్చేస్తే, మోడల్‌ని తప్పు దిక్కుకి సరిచేసినట్టవుతుంది. నేల మీది మంచు లోతు కూడా నమ్మలేం, గాలి ఎత్తుకుపోయి ఉంటుంది.

కాబట్టి మేం మూడు పక్కల నుంచి చూస్తాం. మొదటిది గాలి తిరిగిన సమయం, అది స్టేషన్ లెక్కలో నిమిషంతో సహా ఉంటుంది, దానికి గొట్టం అక్కర్లేదు. ఒంటిగంట అన్నాం, ఒంటిగంట ఇరవై అయింది. రెండోది విమానాశ్రయం నుంచి ప్రతి అరగంటకీ వచ్చే పరిశీలన, దాంట్లో ఎంత దూరం కనిపిస్తోందో ఉంటుంది, మంచు జల్లు ఎంత తీవ్రమో దాన్నిబట్టి తెలుస్తుంది. మూడోది కాంట్రాక్టరు బండ్ల లాగ్. ఏ పేటలో ఎన్నిసార్లు తిరిగి రావాల్సి వచ్చింది, ఏ రోడ్డు ఎన్ని నిమిషాలు పట్టింది. క్రోకెన్‌లో మూడుసార్లు, బ్రైవికాలో మూడుసార్లు, ద్వీపం పడమటి వైపు ఒకసారి, కొన్నిచోట్ల అసలు అవసరమే పడలేదు. ఏ కొలత గొట్టమూ చెప్పలేని పేటల లెక్క అది, ఉత్తరపు గాలి వీస్తే ఊళ్లోని పేటలు మంచుని ఎలా పంచుకుంటాయో అందులో ఉంది.

ఆ లాగ్ మొదట్లో కాంట్రాక్టరు ఇవ్వడానికి ఇష్టపడలేదు, బిల్లుల వ్యవహారం అని. ఇప్పుడు ప్రతి పెద్ద రాత్రి తర్వాత పంపుతున్నాడు. గాలి దిక్కుల వారీగా వేరు చేసి పెడుతున్నాను. వాయవ్యానికీ ఉత్తరానికీ మధ్య రాత్రులు చాలానే పోగయ్యాయి. పడమటి గాలి రాత్రులవి తక్కువ, క్వాలోయా చాటు ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎంత వేగం దాటితే జల్లులు కొండ దిగి ఇటు వస్తాయో వాటితో ఇంకా తేలలేదు. వచ్చే చలికాలం దాని మీదే కూర్చోవాలి.